అట్టలు ఒకటే, పుస్తకాలు వేరు

నోరికా చేసిన తప్పల్లా ఒక్కటే, చూడకుండా ఇవ్వడం. సంచిలో రెండు పుస్తకాలున్నాయి. రెండింటికీ కొట్టువాడు వేసిచ్చిన గోధుమరంగు కాగితం అట్టలే. చదివేదేమిటో పక్కవాళ్లకి తెలియకుండా జపాన్‌లోని తొయామాలో ఏ పుస్తకాల కొట్టువాడైనా అలాగే ఇస్తాడు. "ఇవాళ పుస్తకం మర్చిపోయానే, ఏదో ఒకటి పడెయ్" అని పక్క బల్ల హిసానో అడిగేసరికి, చేతికి తగిలింది తీసి ఇచ్చేసింది. ఇంతలో గంట కొట్టారు. తన దగ్గర మిగిలినది తెరిస్తే నవల. నోరికాకి పై ప్రాణాలు పైనే పోయాయి.

హిసానోకి వెళ్లింది మాంగా, ఇద్దరమ్మాయిల ప్రేమకథని బొమ్మల్లో చెప్పే పుస్తకం. పాఠాలకి ముందు పది నిమిషాలు తరగతంతా మౌనంగా చదవాలి. మాంగా తేకూడదు, పెదవి విప్పకూడదు. లేచి లాక్కునే దారి లేదు.

ఉత్త మాంగానే అయితే చీవాట్లతో పోయేది. అందులో పెద్దగా జరిగేదీ లేదు. ఒక పిల్ల తన స్నేహితురాలికి ఒక్క మాట చెప్పాలనుకుంటుంది, పుస్తకం సగమైనా చెప్పలేదు. ఒకే గొడుగు కింద నడుస్తూ మింగేస్తుంది, రైల్లో పక్కన కూర్చుని మింగేస్తుంది. అది చదువుతుంటే తన కడుపులో ఉన్నది ఎవరో చూసి గీసినట్టుండేది నోరికాకి. ఆ పిచ్చిమొహం అంతటితో ఊరుకుందా? గొడుగు బొమ్మ పక్కన పెన్సిలుతో "ఈ పిల్ల నేనే" అని రాసుకుంది.

హిసానో పేజీ తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి. మూసేస్తుందేమో అనుకుంటే మూయలేదు, ఇంకో పేజీ తిప్పింది. రేపట్నుంచి స్టేషన్ దాకా నోరికాతో కలిసి నడవదు. ఎదురుపడితే తలతిప్పుకుంటుంది. అలాంటి రోజులు ఎలా బతకాలో నోరికాకి తెలియలేదు.

అప్పుడే కమియామా సారు వరసల మధ్య నడుస్తూ వచ్చి, హిసానో బల్ల దగ్గర ఆగిపోయాడు. పుస్తకం అందుకుని అట్ట తీశాడు.

"మాంగానా? గొడుగు కింద ఇద్దరమ్మాయిలు, పక్కన రాతలు కూడానూ. 'ఈ పిల్ల నేనే.' ఎవరమ్మా ఈ పిల్ల?"

వెనక బల్లల్లో కిసకిసలు మొదలయ్యాయి.

"నేనే సార్," అంది హిసానో. "పుస్తకం నాది. రాసిందీ నేనే."

లేచి నిలబడాలని నోరికాకి తెలుసు. అయినా కుక్కిన పేనులా కూర్చుండిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం అన్నాల వేళ రోజూ నాలుగు బల్లలు కలుపుకుని తినేవాళ్లు. ఇవాళ మిగతా ఇద్దరూ తమ బల్లలు కిటికీ వైపు జరుపుకున్నారు. "రావే నోరికా, అక్కడెందుకు? నిన్ను కూడా గొడుగులోకి లాగుతుంది" అంటూ నవ్వారు. హిసానో తల వంచుకుని డబ్బా మూత తీసింది.

నోరికా తన బల్లని ఆమె బల్లకి ఆనించింది.

"ఆ పుస్తకం నాది," అంది, కిటికీ దాకా వినబడేలా. "రాసింది నేను."

నవ్వులు ఆగిపోయాయి. అందరి కళ్లూ వీపు మీదే ఉన్నాయని తెలుస్తోంది.

"నాకు తెలుసులే," అంది హిసానో మెల్లగా. "మూడేళ్లుగా నీ నోట్సులు చూసి రాసుకుంటున్నాను, నీ రాత గుర్తుపట్టలేనా?"

"మరెందుకు ఒప్పుకున్నావే?"

"నీ మొహం చూశాను కాబట్టి. చచ్చిపోయేలా ఉన్నావు." హిసానో అన్నం కెలుకుతూ ఆగింది. "సరే, ఆ పిల్ల నువ్వు. మరి పక్కన గొడుగు పట్టుకున్నది ఎవరు?"

ఈ మాట కూడా మింగేయొచ్చు. మింగడం నోరికాకి బాగా అలవాటు.

"నువ్వే," అంది.

హిసానో చెవులు ఎర్రబడ్డాయి. అది కోపమో, సిగ్గో, మరేమిటో నోరికాకి అర్థం కాలేదు. అయినా హిసానో లేచి వెళ్లిపోలేదు.