దాపటి యెద్దు

జ్యేష్ఠపూర్ణిమనాటి ప్రాతఃకాలమున, రాత్రి కురిసిన తొలివానకు తడిసి నల్లబడిన నేల మెల్లమెల్లగా నావిరులు విడుచుచుండగా, తూర్పుకొండల శిఖరములను వీడనొల్లని మేఘమాలికలు వెండియంచులతో నిలిచియుండగా, గెడ్డలోని క్రొత్తనీరు ఎఱ్ఱని మట్టిరంగు దాల్చి వడివడిగా పాఱుచుండగా, పాలగెడ్డ యను చిన్నగ్రామము ఏరువాక పండుగకు మేల్కొనెను.

పండ్రెండేండ్లుగా నా గ్రామమున దుక్కి చాలవఱకు ట్రాక్టరులతోనే సాగుచుండెను. ఆ యేడు పితృపితామహుల కృషివైభవమును కన్నులపండువుగా కొనియాడవలెనని పెద్దలు తలంచి, అటకలమీది నాగళ్లను గొఱ్ఱులను గుంటకలను దింపి కడిగి పందిటిలో వరుసగా నిలిపిరి. పట్టణమునుండి యొక అధికారి వచ్చుననియు, అతని యెదుట తొలిచాలు ఎద్దులతోనే దున్నవలెననియు సర్పంచి సత్యంనాయుడు నిశ్చయించెను. అయితే ఊరంతటికి మిగిలిన యెద్దులు రెండే. ఒకటి బోడెన్న యను రైతుది. అది కుఱచది, వంకరకొమ్ముది. రెండవది కూర్మమ్మది.

కూర్మమ్మ మగడు దాలినాయుడు గడచిన కార్తికమున, కాడికి కుడిప్రక్క నడచెడి వలపటియెద్దును నీటికి తోలుకొనిపోవుచుండగా పిడుగు పడి ఆ యెద్దుతో కూడ నేలకొరిగెను. కాడికి ఎడమప్రక్క నడచెడి దాపటియెద్దు మాత్రము పాకలో కట్టియుండుటచే బ్రతికెను. బోడెన్న యెద్దు వలపటిది గనుక, ఆ రెంటిని జతకట్టి మఱునాడే తన రెండెకరముల మెట్టను దున్నించి, మగడు తన చేతులతో దాచిన చోడివిత్తులు చల్లవలెనని ఆమె యెదురుచూచుచుండెను. నేలలో పదును రెండుమూడు దినములకన్న నిలువదు.

“ఒక్క చాలేనమ్మా. దున్నీసి మళ్లీ నీ పాకలోనే కట్టీత్తాం” అని సత్యంనాయుడు అడిగెను.

“రేపు దీంతోనే నా మెట్ట దున్నాల బావు. కుడితి తాగినాక తోలుకెళ్లండి. కొట్టకండి, మాటకే నడుత్తాది” అని యామె పలుపు అందించెను. ఏ ప్రక్క కట్టవలెనో చెప్పలేదు. అన్నము ఏ చేతితో తినవలెనో ఎదిగినవానికెవరు చెప్పుదురు?

బోడెన్న యెద్దు చూపులకు తగదని తలంచి, పెద్దలు పొరుగూరినుండి మంచువలె తెల్లనైన యొక కోడెను తెప్పించిరి. అతిథుల పందిరి ఎడమవైపున నుండుటచే దానిని దాపటను, కూర్మమ్మ యెద్దును వలపటను కట్టిరి. మేడి పట్టినవాడు సర్పంచి మేనల్లుడు వెంకటి. పదేండ్లుగా ట్రాక్టరు నడుపుటయే వాని వృత్తి.

వైధవ్యము ప్రాప్తించి యేడాది వెళ్లనందున కూర్మమ్మ పందిటికి దూరముగా, గడ్డిమేటు చాటున నిలిచియుండెను. డప్పులు మ్రోగెను. కూర్మమ్మ యెద్దు రెండడుగులు వేసి ఆగి, తల త్రిప్పి, జతయెద్దు వెనుకనుండి ఎడమకు పోజూచెను. కాడి మెలిపడి మెడ నొరసెను.

“పెళ్లికొడుక్కి పక్కపీట నచ్చనేదర్రా” అని ఎవడో యనగా పందిరి యంతయు నవ్వెను. చర్నాకోల లేచెను. ఎద్దు మరల ఎడమకే ఒరిగెను.

కూర్మమ్మకు సంగతి తెలిసెను. ఒక యడుగు వేసి, మర్యాద జ్ఞప్తికి రాగా నిలిచెను. ఆ నిలిచిన క్షణముననే ఎద్దు మోకాళ్లపై కూలెను. అంతట నామె తడినేలలో పాదములు దిగబడుచుండగా నందఱి యెదుటికి నడచివచ్చెను.

“అది దాపటిది బావు. ఇప్పీండి.”

“ఫోటోలు తీత్తన్నారమ్మా, రెండు నిముషాలాగు. అయినా నువ్విప్పుడిక్కడికి...” అని సత్యంనాయుడు మాట మ్రింగెను.

ఆమె తానే కాడిత్రాడు విప్పెను. మెడపై తోలు అరచేతి మేర లేచిపోయి యుండెను. డప్పులు ఒకటొకటిగా నాగెను.

“ముందే సెప్పాల్సింది గదమ్మా” అని సర్పంచి నీరసస్వరమున ననెను.

“అది సెప్పాల్సిన మాటని నాకు తెల్దు బావు” అని యామె ఎద్దును తోలుకొని వెడలెను.

బోడెన్న వచ్చి మెడ తడవి చూచి, “పచ్చిపుండు వదినా. పది రోజులు కాడి ఎయ్యకూడదు. అందాకా పదును నిలవదు” అని చెప్పెను.

మఱునాటి యుదయమున కూర్మమ్మయే కబురంపగా వెంకటి ట్రాక్టరు తెచ్చెను. గట్టుకడ దిగి, “నాకిదే తెలుసు పిన్నీ. తప్పయిపోనాది” అని తల వంచెను.

“గట్టు మెత్తనుంది. మలుపులో సూసుకో” అని మాత్రమే యామె యనెను.

రెండెకరములు గంటన్నరలో దున్నుట ముగిసెను. కొంగలు యంత్రము వెంట దిగి పురుగుల నేఱుకొనెను. ఊరిలో మిగిలిన కడపటి యెద్దుదుక్కి ఆ విధముగా, ఎద్దులకు హారతు లిచ్చిన మఱునాడే, నిలిచిపోయెను. అందుకెవరిని నిందింపవచ్చును? ఎఱిగినది చెప్పకయే తెలియునని యామె నమ్మెను. ఎఱుగనిది అడుగకయే జరుగునని వారు నమ్మిరి. వంశపారంపర్యవిద్యలు పగవారివలన గాక ఇట్టి నమ్మకముల నడుమనే తఱచుగా జాఱిపోవును.

ఆమె విత్తులు చల్లి యింటికి వచ్చి, రెండెద్దులున్ననాటివలె గాటిపొడవునను పచ్చగడ్డి పఱచెను. ఎద్దు ఆకలితో తినెను. ఎడమసగము మేసి, కుడిసగము ముట్టక, తల యెత్తి నిలిచెను. కూర్మమ్మ చూచెను. ఆ గడ్డిని దాని ముందునకు జరుపనూ లేదు, తీసివేయనూ లేదు.