మూత కింద కాపలా

నేను ఒక మ్యాన్‌హోల్ మూతకు కాపలాదారుని. పేరుకు సెన్సర్‌ని, పనికి చాడీకోరుని. హైదరాబాదులో ఒక పల్లపు వీధిలో, మూత కింద గోడకు నన్ను బిగించారు. మూతకున్న అయస్కాంతం నా పక్కనుంటే "మూసి ఉంది" అంటాను. దూరమైతే "తెరిచి ఉంది" అని కంట్రోల్ రూముకు మొరపెడతాను. నాకు వచ్చిన మాటలు ఆ రెండే. నగరంలో నాలాంటివాళ్లం వేలమందిమి ఉన్నాం. ఒక్కరికీ కంటినిండా నిద్ర లేదు.

వాన పడితే ఆ వీధికి ఒక అలవాటు. నీళ్లు త్వరగా పోవాలని గడ్డపారతో మూత లేపేసి, గుర్తుగా ఒక కొమ్మ గుచ్చుతారు. అందరికంటే ముందు గడ్డపార పట్టేది కిరాణా కొట్టు రాజలింగం. బియ్యం బస్తాలు తడుస్తాయని ఆయన బాధ. ఆయన లేపగానే నేను మొరపెట్టడం, సిబ్బంది వచ్చి నాలుగు చీవాట్లు పెట్టడం. చివరికి భార్య సులోచన పోరు పడలేక, ఆమె నెత్తిన చెయ్యి పెట్టి ఇక మూత ముట్టనని ఒట్టేశాడు. మూడో రోజే పాత స్పీకర్లోంచి అయస్కాంతం ఊడదీసి తెచ్చి నా మొహానికి అంటించాడు. ఆ తర్వాత మూత ఉన్నా లేకున్నా నాకు ఒక్కటే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం వాన దంచింది. రాజలింగం గుట్టుగా మూత లేపాడు. కొమ్మ కొట్టుకుపోయింది. వీధంతా మోకాళ్ల లోతు నీళ్లు. నా పక్కనుంచి వరద సుడి తిరుగుతూ దిగుతుంటే, నేనేమో నిమిషానికోసారి "మూసి ఉంది" అంటూనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు పిండిమర నుంచి సులోచన వస్తోంది, నెత్తిన జొన్నపిండి డబ్బాతో. నేరుగా నా వైపే.

"ఆడనే ఆగు! అడుగు ముందుకెయ్యకు!" కొట్టులోంచి రాజలింగం పెట్టిన కేకకు ఆమె బిగుసుకుపోయింది. ఆయన గోడ పట్టుకుని వెళ్లి, చెయ్యి పట్టి వెనక్కి గుంజాడు. ఆమెకూ గుంతకూ మధ్య రెండడుగులు.

ఎవరో ఫిర్యాదు చేస్తే మర్నాడు ఇంజనీరు వచ్చాడు. అయస్కాంతం పీకి చూపించి, "ఇది పెట్టిందెవరు?" అన్నాడు. వీధి వీధంతా ఆకాశం చూసింది.

"మాకేం ఎరుక సార్? మీ మిషినే ఖరాబున్నట్టుంది," అన్నాడు రాజలింగం.

సులోచన మాత్రం భర్త మొహమే చూస్తోంది. "నిన్న అన్ని నీళ్లల్ల, ఆడ మూత లేదని నీకెట్ల ఎరుకైందయ్యా?"

ఆయనేం చెప్పాడో వినకముందే, ఖరాబైందని రాసుకుని నన్ను ఊడదీసి సంచిలో వేశారు. ఇప్పుడు స్టోర్ రూములో, ఖరాబు సామాను మధ్య ఉన్నాను. రేకుల మీద చినుకు పడితే చాలు, ప్రాణం కొట్టుకుంటుంది. ఆ దారిన ఇప్పుడు ఎవరు వస్తున్నారో, వాళ్లను ఆపడానికి ఎవరైనా ఉన్నారో లేదో.