చెప్పని ఆమేన్

అద్దాలాయన పరిశుద్ధంగా బతకాలని నిర్ణయించుకున్న దగ్గర్నుంచి ఇంట్లోవాళ్ళు ఆయనతో మాట్లాడాలంటే జంకుతున్నారు.

అద్దాలాయన అంటే బజారులో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషి. మంచివాడే. అబద్ధమాడడు, ఒకరి జోలికి పోడు, ఆదివారం మందిరంలో ముందు వరుస వదలడు. ఆ మధ్య ఉపవాస కూటాలకు వచ్చిన ప్రసంగీకుడు ఒకాయన, మన మనసులు సంతలా తయారయ్యాయనీ, అందులో దేవుడికి నిలబడే చోటు కూడా లేదనీ అన్నాడు. ఆ మాట ఈయన గుండెలో ముల్లులా దిగింది. నిజమే కదా! పొద్దున్న లేస్తే ఫోను, దుకాణం తెరిస్తే బేరాలు, పక్కన బండ్ల మెకానిక్కు సుత్తి మోత, మధ్యమధ్య ఇంటి నుంచి భార్య పురమాయింపులు. పోనీ కాసేపు మోకరిద్దామంటే, కళ్ళు మూసుకోగానే ఎవరి ఫ్రేముకి స్క్రూ వదులైందో గుర్తొస్తుంది.

అందుకని దుకాణం వెనకాల, అద్దాలు అరగదీసే చిన్న గదిలో ఓ మూల శుభ్రం చేసి చాప పరిచాడు. తలుపుకి ‘ప్రార్థన సమయం, పిలవవద్దు’ అని అట్టముక్క తగిలించాడు. ప్రార్థన అయ్యాక కూడా లోకం లోపలికి రాకుండా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సందేశాలు వింటూ పని చేసేవాడు. దాంతో గడప తొక్కిన ప్రతి మనిషీ ఆయనకి దేవుడి ధ్యాస చెడగొట్టే శోధనలాగే కనబడసాగాడు. మెకానిక్కు స్క్రూడ్రైవరు అడిగితే శోధన. సబ్బులు అయిపోయాయని భార్య ఫోను చేస్తే మరీ పెద్ద శోధన.

“మీతో చెప్పుకునే బదులు గోడతో చెప్పుకోవడం నయం. గోడ కనీసం విసుక్కోదు,” అంది ఆవిడ ఓ రోజు.

ఆయన ఆ మాట కూడా వినలేదు. చెవుల్లో ప్రసంగం నడుస్తోంది.

ఇలా ఉండగా పెద్దమ్మ కళ్ళజోడు విరిగింది. పెద్దమ్మ అంటే ఆయన తల్లికి అక్క. తల్లి పోయాక పెంచి పెద్ద చేసింది ఆవిడే. రాత్రి ప్రార్థనలో ఆయన మోకాళ్ళ మీదే కునికిపాట్లు పడుతుంటే చెవి మెలేసి మరీ ఆమేన్ అనిపించిన మనిషి. భర్త లేడు, సొంత పిల్లలు లేరు. మందిరంలో ప్రతి ఆదివారం వాక్యం చదివేది ఆవిడే. మైకు అక్కర్లేని గొంతు. సోమవారం నుంచే ఆ వారం చదవాల్సిన భాగాన్ని పైకి చదువుకుంటూ తిరుగుతుంది. ఆ కాసేపు చదవడం కోసమే ఆవిడ వారమంతా బతుకుతుందని సంఘంలో అందరికీ తెలుసు.

ఆవిడ కళ్ళ సంగతి అద్దాలాయనకి కంఠతా వచ్చు. కుడి కంటికి చూపు బాగా తక్కువ, దానికి అంచు దళసరిగా ఉండే అద్దం కావాలి. ఎడమ కంటికి పలచటిది చాలు. ఆయన పని పద్ధతి కూడా పక్కాగా ఉండేది. ఏది కుడో ఏది ఎడమో ప్రతి అద్దం మీదా ఇంకు పెన్నుతో గుర్తు పెట్టుకుంటాడు. ఫ్రేములో బిగించాక చేయి చాచి, అద్దాల్లోంచి కిటికీ చువ్వల్ని చూస్తాడు. చువ్వలు కనబడాల్సిన తీరులో కనబడితేనే గుర్తు తుడుస్తాడు. పెద్దమ్మ జోడు చేసిన రోజున మాత్రం చెవిలో ప్రసంగం మంచి పట్టు మీద ఉంది. ఆయనకి కళ్ళు చెమర్చాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కిటికీ వైపు చూడలేదు.

కొత్త జోడు తీసుకున్న మర్నాడే పెద్దమ్మ దుకాణానికి వచ్చింది.

“ఒరే, అక్షరాలు ఈదుతున్నాయిరా. తల తిరుగుతోంది.”

ఆయన ఒక చెవిలోది మాత్రం తీశాడు. “కొత్త అద్దాలు కదా పెద్దమ్మా, అలవాటవ్వాలి. కొంచెం ఓపిక పట్టు.”

ఆవిడ తలుపు మీది అట్టముక్క వైపు ఓసారి చూసి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే జవాబు. మూడోసారి రాలేదు.

ఓ శుక్రవారం మధ్యాహ్నం భోజనం దగ్గర భార్య చెప్పింది. “పెద్దమ్మ పాస్టరుగారికి కబురు పెట్టిందట. ఇక వాక్యం చదవడం తన వల్ల కాదట, వేరే ఎవరికైనా అప్పజెప్పమందట. చదువుకునే పుస్తకం గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేసింది.”

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “అయ్యో! ఇవాళే వెళ్ళి ప్రార్థన చేద్దాం. పాస్టరుగారిని కూడా రమ్మంటాను.”

“ప్రార్థన సరేనండీ. ముందు ఆ కళ్ళజోడు ఓసారి చూడచ్చుగా?”

“ప్రతిదానికీ నీ లోకజ్ఞానం ఒకటి,” అని విసుక్కున్నాడు.

సాయంత్రం పెద్దమ్మ ముందుగదిలో నలుగురూ కూర్చున్నారు. పాస్టరుగారు, ‘మీరే ప్రార్థన చెయ్యండి’ అన్నారు. అద్దాలాయన పెద్దమ్మ కళ్ళజోడు అడిగి తీసుకుని, రెండు చేతుల్లో పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. చాలా నాళ్ళకి మనసు ఎటూ పోకుండా కుదురుగా నిలిచింది. ప్రభువా, నీ దాసురాలి కళ్ళు ముట్టమని నిండు గుండెతో వేడుకుంటున్నాడు. కళ్ళజోడు మీద బొటనవేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి.

ఎడమ అద్దం అంచు దళసరిగా తగిలింది.

ప్రార్థన మాట మధ్యలో ఆగిపోయింది. తిరగేసి పట్టుకున్నానేమోనని కాడలు తడిమి చూశాడు. సరిగ్గానే పట్టుకున్నాడు. కుడి కంటి అద్దం ఎడమవైపు ఉంది. ఎడమ కంటిది కుడివైపు ఉంది. ఈ వృత్తిలో చేయి తిరిగిన వాడెవడూ చెయ్యని తప్పు, అదీ తనని పెంచిన మనిషికే చేశాడు.

ఆయన కన్నీళ్ళు ఆపుకుంటున్నాడనుకుని పాస్టరుగారు మెల్లగా ‘స్తోత్రం’ అన్నారు.

ఆ నిశ్శబ్దంలోనే ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. ఎవరికి తెలుస్తుంది? స్క్రూ బిగిస్తానని పట్టుకెళ్ళి కొత్త అద్దాలు వేసి తెస్తే చాలు. ఎల్లుండి పెద్దమ్మ గడగడా చదువుతుంది. ఆయన ప్రార్థనకి జవాబొచ్చిందని సంఘమంతా సంతోషిస్తుంది. దేవుడికే కదా మహిమ! ఇంత చక్కటి శోధన మెకానిక్కు రూపంలో ఆయనకి ఎన్నడూ రాలేదు.

కళ్ళు తెరిచాడు. ఎదురుగా పెద్దమ్మ చేతులు జోడించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, చిన్నపిల్లలా ఎదురుచూస్తోంది. ముక్కు మీద కళ్ళజోడు నొక్కుకున్న గుర్తులు ఎర్రగా ఉన్నాయి. అలవాటవ్వడం కోసం పాపం ఎంతసేపు పెట్టుకుని కూర్చుందో. ఆయనకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

“పెద్దమ్మా, నీ కళ్ళకేం కాలేదు. నేనే అద్దాలు అటుదిటూ ఇటుదటూ వేశాను. నువ్వొచ్చి చెప్పావు. నేను వినలేదు.”

పెద్దమ్మ కళ్ళు తెరిచి ఆయన గొంతు వచ్చినవైపు చూసింది.

“అంటే నాకు చూపు పోవట్లేదా?”

“లేదు పెద్దమ్మా.”

“ఇన్నాళ్ళూ దేవుణ్ణి అడుగుతున్నాన్రా, నేనేం పాపం చేశానని నీ మాట చదవనివ్వట్లేదూ అని. అడిగి అడిగి ఏడ్చాను.”

ఆ మాటకి ఆయన నిలవలేకపోయాడు. ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టి భోరుమన్నాడు. ఆవిడ చేత్తో తడుముకుంటూ ఆయన చెవి దొరకబుచ్చుకుని మెలేసింది, చిన్నప్పటి కంటే కాస్త గట్టిగానే.

“ఇక చాల్లే. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోతే రేపు అద్దాలెలా వేస్తావు?”

శనివారం ఆయన ఇయర్‌ఫోన్లు సొరుగులో పడేసి పనిలో కూర్చున్నాడు. తప్పుగా వేసిన అద్దాలు ఏ వైపువి ఆ వైపు ఆకారానికి అరగదీసినవి, పక్కలు మార్చి బిగిస్తే అతకవు, కొత్తవే అరగదియ్యాలి. యంత్రం పెట్టగానే మెకానిక్కు తలుపు సందులోంచి తొంగిచూసి, అట్టముక్క కనబడక కంగారుపడ్డాడు.

“అన్నా, స్క్రూడ్రైవరు... పోనీ తరవాత రానా?”

“తీసుకోవయ్యా. టీ తాగావా?”

భార్య ఫోను చేసింది. ఈసారి సబ్బులు, అగ్గిపెట్టె. వివరంగా అడిగి తెలుసుకున్నాడు. “ఒంట్లో బాగానే ఉందా?” అంది ఆవిడ. అన్ని పిలుపుల మధ్యా ప్రతిసారీ వెనక్కొచ్చి, పెద్దమ్మ కళ్ళనే తలుచుకుంటూ అద్దం అంచు సాఫు చేశాడు. కుడి, ఎడమ గుర్తులు పెట్టాడు. బిగించాక చేయి చాచి కిటికీ చువ్వల్ని చూశాడు. గుర్తులు తుడిచేముందు మరోసారి చూశాడు.

ఆదివారం పెద్దమ్మ చదివింది. మొదటి వాక్యం ఆచితూచి చదివింది, రెండోదానికి ఎప్పటి గొంతు వచ్చేసింది. ఎక్కడా తడబడలేదు. ముందు వరుసలో అద్దాలాయన తల వంచుకుని విన్నాడు. ఎంత ప్రయత్నించినా కన్నీళ్ళు ఆగలేదు.

బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆవిడ ఆయన భుజం పట్టుకుని దిగుతూ అడిగింది.

“ఒరే, మొన్న ప్రార్థన సగంలో వదిలేశావు. ఆమేన్ అనలేదు, గుర్తుందా?”

“అవును పెద్దమ్మా, మర్చేపోయాను. ఇప్పుడు అననా?”

ఆవిడ కొత్త అద్దాల్లోంచి ఆయన్ని తేరిపార చూసింది.

“వద్దులే. దాన్ని అలాగే సాగనీ.”

సోమవారం పొద్దున్న వెనక గదిలో చాప మీద మోకరించాడు. ఇంకా మొదలుపెట్టాడో లేదో, బయట దుకాణం గుమ్మానికున్న గంట మోగింది. కాడ విరిగిన కళ్ళజోడు పట్టుకుని ఎవరో బడిపిల్ల, బడిలో బోర్డు మీద అక్షరాలు ఎలా కనబడతాయోనని బెదురుగా నిలబడి ఉంది.

“వస్తున్నానమ్మా,” అన్నాడు. ఆమేన్ అనకుండానే లేచి బయటికి వచ్చాడు.