ముఖం చూసే ఆట

ఆదివారం మధ్యాహ్నం స్నానం చేసి తల దువ్వుకున్నాడంటే నూకరాజు పెళ్లికొడుకులా ఉండేవాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, చెవి వెనక కాస్త అత్తరు రాసుకుని, "యూనియన్ మీటింగుంది దాలీ, పొద్దుగూకేలోగా ఒచ్చెస్తాను" అని గడప దాటేవాడు. దాలమ్మ గుమ్మంలో నిలబడి, అతడు సందు మలుపు తిరిగేదాకా చూసేది. రాయపూర్ రైల్వే బస్తీలో ఆదివారం వచ్చిందంటే చాలామంది మగవాళ్లు సారా దుకాణం దారి పట్టేవాళ్లు. తన మొగుడు మీటింగుకు వెళతాడు. తూలుతూ రాడు, కేకలు వెయ్యడు. ఆ మాట తల్చుకుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

మన ఇళ్లలోకి చెడు ఎప్పుడూ మాసిన గుడ్డలతోనే రాదు. ఒక్కోసారి ఉతికిన చొక్కా తొడుక్కునే బయలుదేరుతుంది.

నూకరాజుది టెక్కలి దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలో రైల్వేలో పని దొరికి ఈ ఊరొచ్చాడు. యార్డులో కాంటావాలా. దూరం నుంచి జెండా ఊపితే, ఈల వేస్తే, పట్టాలు మార్చే మీట లాగాలి. ఎప్పుడు లాగాలో, ఏ వైపు లాగాలో అంతా వేరేవాళ్లు చెబుతారు. "ఏ కాంటావాలా!" అని ఒకరు, తెలుగువాడని "ఏ తెలంగా!" అని ఇంకొకరు పిలుస్తారు. యార్డులో అతని పేరు ఎందరికి తెలుసో దేవుడికెరుక. ఇంటికొచ్చాక అతను పెద్దగా మాట్లాడేవాడు కాదు. దాలమ్మా అడిగేది కాదు. అలిసిపోయాడులే అనుకుని అన్నం పెట్టేది.

దాలమ్మకు తనదంటూ ఒక గేదె ఉండేది. నుదుట తెల్లమచ్చ ఉందని చుక్కా అని పిలుచుకునేది. పెయ్యగా ఉన్నప్పుడు తెచ్చి పెంచింది. దాని పాలే క్వార్టర్లలో ఇంటింటికీ పోసేది. హిందీ నేర్చుకున్నదీ, ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్లతో నవ్వుతూ మాట్లాడే చనువు తెచ్చుకున్నదీ ఆ పాలచెంబు పుణ్యమే.

ఫాల్గుణ మాసంలో ఒక సోమవారం పొద్దున్నే, ఆమె పాలు పితికి లేవబోతుంటే సత్తిరాజు వచ్చాడు. అదే బస్తీలో ఉంటాడు, నూకరాజుతో పాటు యార్డులో పనిచేస్తాడు. చేతిలో కొత్త పలుపుంది. తల ఎత్తలేదు.

"ఒదినా, గేదిని తోలుకురమ్మన్నారు డ్రైవరు భీమారావుగారు."

"ఎందుకురా? ఎవులికి జబ్బు సేసింది?"

"అన్నని అడుగు."

నూకరాజు పెరటి గట్టు మీద వేపపుల్ల నములుతూ అటు తిరిగి కూర్చున్నాడు. దాలమ్మ పాలచెంబు పట్టుకునే అతని ముందుకు వెళ్లి నిలబడింది.

"ఆటలో పోనాది," అన్నాడు, నేలకేసి చూస్తూ.

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి చుక్క సందు మలుపు దగ్గరికి చేరి, వెనక్కి తిరిగి అరిచింది. దాలమ్మ ఏడవలేదు. చెంబు కింద పెట్టి అడిగింది.

"మీటింగు కాదన్నమాట. పేకాట. మనకేటి తక్కువైందని మావా? తినడానికి లేదా, కట్టుకోడానికి లేదా? డబ్బాశ ఎప్పుడొచ్చింది నీకు?"

"డబ్బు కోసం కాదే."

"మరేటి?"

అతను వేపపుల్ల పారేసి, మాట కోసం వెతుక్కున్నాడు. "సెప్పలేను," అన్నాడు చివరికి. ఆ మాటలో అబద్ధం లేదని ఆమెకు తెలిసింది. అందుకే మరీ భయమేసింది.

మరుసటి ఆదివారం అతను తెల్లచొక్కా తొడుక్కున్నాడు. సిగ్గుపడుతూనే తొడుక్కున్నాడు. అతను మలుపు తిరిగాక దాలమ్మ తలుపు దగ్గరకు లాగి, వెనకే నడిచింది.

యార్డు దాటాక, ఏ బండీ రాని ఒక పాత పట్టా చివర, పనికిరాదని వదిలేసిన ప్రయాణికుల పెట్టె ఒకటి ఉంది. దాని చుట్టూ మోదుగచెట్లు. ఆకు రాలి, కొమ్మ కనిపించకుండా పూసి, మధ్యాహ్నపు ఎండలో నిప్పు రాజుకున్నట్టున్నాయి. ఎక్కడి నుంచో ఇప్పపూల తీపి వాసన వస్తోంది. రంగు వెలిసిన పెట్టె ఆ ఎరుపులో తేలుతున్నట్టు, ఇప్పుడో ఇంకాసేపటికో కదిలిపోయేటట్టు కనిపించింది. పక్కనే గడ్డిలో చుక్క మేస్తోంది. యజమానురాల్ని చూసి తలెత్తింది.

దాలమ్మ మెట్లెక్కింది.

లోపల కేకలు లేవు, సారా వాసన లేదు. ఎదురెదురు బల్లల మీద యార్డు మనుషులు తెల్లచొక్కాల్లో కూర్చున్నారు. మధ్యలో ఒక చెక్క. కిటికీల్లోంచి ఎర్రటి వెలుగు వాళ్ల మొహాల మీద పడుతోంది. పెద్ద కిటికీ పక్కన భీమారావు. డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. తెల్లమీసం, వెండి కళ్లజోడు. ఖరగ్‌పూర్‌లో ఉన్నప్పుడు దొర డ్రైవర్ల దగ్గర పోకరు అనే ఆట నేర్చుకుని వచ్చాడు. దాన్ని ఇక్కడ వీళ్లకు నేర్పాడు.

దాలమ్మ గుమ్మం దగ్గరే ఆగి చూసింది. ఎవరి ముక్కలు వాళ్లు గుండెకానించి పట్టుకున్నారు. భీమారావు మెల్లగా తల తిప్పి, దేవుడికి హారతి ఇచ్చేవాడిలా ఎంతో మర్యాదగా అడిగాడు.

"నూకరాజుగారూ, తమరేమంటారు?"

అంతే. పెట్టెలో అందరూ నూకరాజు మొహంలోకి చూశారు. ఎవరూ తొందర పెట్టలేదు. అతను జవాబు చెప్పేదాకా అంతమంది ఊపిరి బిగబట్టి ఆగారు. నూకరాజు వెన్ను నిటారుగా ఉంది. కళ్లు అరమూసుకుని, పెదవి చివర చిన్న నవ్వుతో, రాజ్యాన్ని ఏం చెయ్యాలో ఆలోచించే మహారాజులా కూర్చున్నాడు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఈ మొహాన్ని తానెన్నడూ చూడలేదని దాలమ్మకు తట్టింది.

"ఉంటాను," అన్నాడతను. అప్పుడు ఆమెను చూసి పాలిపోయాడు.

"నా గేది కోసం ఒచ్చినాను," అంది దాలమ్మ.

భీమారావు లేచి నిలబడ్డాడు. "రండి దాలమ్మగారూ, కూర్చోండి. ఆటలో పోయింది ఆటలోనే రావాలి గదమ్మా. గేదె మీద ఒక్క ఆట ఆడండి. కష్టమేం లేదు. అయిదు ముక్కలిస్తాను. మీ చేతిలో ఏముందో మీకు తప్ప ఎవరికీ తెలియదు. ఉంటారో, వదిలేస్తారో మీరే చెప్పాలి. మీ మొహం చూసి మేం ఊహించుకోవాలి."

"ఆడొద్దు దాలీ," అన్నాడు నూకరాజు.

గేదె పోయిన మనిషికి వొద్దన్న మాట వినపడదు. ఆమె కాళ్ల వెండి కడియాలు విప్పి చెక్క మీద పెట్టింది. మొగుడి చోట కూర్చుంది. ఏది పెద్దో ఏది చిన్నో భీమారావు ఓపిగ్గా చెప్పాడు. ముక్కలు చేతికొచ్చాయి. ఇద్దరు రాణులున్నారు, మిగతావి దేనికదే. భీమారావు తన ముక్కలు ఒకసారి చూసుకుని దించాడు.

"దాలమ్మగారూ, ఉంటారా, వెళ్లిపోతారా?"

అందరి కళ్లూ ఆమె వైపు తిరిగాయి. కిటికీలోంచి గాలి వీచింది. మోదుగపూలు రెక్కలు దులిపినట్టు రాలాయి. దాలమ్మకు ఉన్నట్టుండి పెట్టె కదిలినట్టనిపించింది. పొలాలు, వాగులు, తెలియని స్టేషన్లు కిటికీ బయట వెనక్కి జారుతున్నాయి. ఆ బండి ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో తన మాట మీదే ఉంది. చేతిలోని ఆ ఇద్దరు రాణుల సంగతి ఈ లోకంలో తనొక్కదానికే తెలుసు. పెద్దపెద్ద మీసాల మగవాళ్లు తన పెదవి కదలిక కోసం కాచుకునున్నారు. ఎంత బాగుందో! గేదె గుర్తు లేదు. ఇల్లు గుర్తు లేదు. ఈ చూపు ఇలాగే ఉండిపోతే చాలు.

"ఉంటాను," అంది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే ఆశ్చర్యం కలిగింది.

భీమారావు నిట్టూర్చి ముక్కలు బోర్లించి పడేశాడు. "నాకు ధైర్యం చాలడం లేదమ్మా. గెలిచారు. గేదె మీదే, కడియాలూ మీవే." నలుగురూ మెచ్చుకోలుగా తలలూపారు. అతను పేక కలుపుతూ, చిన్న నవ్వుతో, "ఇంకొక్క ఆట?" అన్నాడు.

దాలమ్మ చెయ్యి అప్పటికే చాచి ఉంది.

"దాలీ, లెగు!"

నూకరాజు అరిచిన అరుపుకి ఆమె ఉలిక్కిపడింది. అతను చెక్క దగ్గరికి దూకాడు. "లెగు. ఆ మొకం నాకు తెల్సు. అద్దంలో కనపడదు గానీ, అది నా మొకమే." అంటూనే భీమారావు బోర్లించిన ముక్కల్ని తిరగేశాడు. ముగ్గురు రాజులు, వరసగా.

ఇద్దరు రాణుల్ని చిటికెలో కొట్టగల ముక్కలవి. ధైర్యం చాలక పడేసినవి కావు.

"మొదటి ఆట ఎప్పుడూ కొత్తవాళ్లదేనమ్మా," అన్నాడు భీమారావు, ఏమీ జరగనట్టు.

"సేపకి ఎరేసినట్టా బాబూ?" అంది దాలమ్మ. ఆమె కడియాలు తీసుకుంది. "గేదిని నాను గెలవనేదు. అది ముందునించీ నాదే. దాన్ని ఒడ్డడానికి ఈ మావకి హక్కు నేదు, తీసుకోడానికి నీకూ నేదు. తోలుకెల్తన్నాను."

ఎవరూ అడ్డం రాలేదు.

చుక్కను నడిపించుకుంటూ ఇద్దరూ పట్టాల పక్క దారిన వచ్చారు. ఎండ తగ్గి, ధాన్యం మిల్లుల పొగ పడమట పలచగా పరుచుకుంది.

"నాకూ తియ్యగానే ఉంది మావా," అంది దాలమ్మ చివరికి. "అబద్దమెందుకు. ఉంటావా, ఎల్లిపోతావా అని పుట్టి ఇన్నాల్లకి నన్నొకలు అడిగినారు. పెల్లికీ అడగనేదు. ఈ ఊరు తెచ్చినప్పుడూ అడగనేదు."

నూకరాజు నడక ఆగింది. "నానే అడగనేదు," అన్నాడు.

"నాను మాత్రం? డూటీ నించొచ్చి కూకుంటే కంచం ముందెట్టడమే. ఏటైనాది, ఎలాగున్నావని మొకం సూసి అడిగినానా?" ఆమె గేదె మెడ నిమిరింది. "ఆ ముసిలాయన మన మొకం సూస్తాడు మావా. కానీ మన కోసం కాదు. మన సేతిలో ముక్కల కోసం. సేతిలో ముక్కలైపోతే మనమెవులమో ఆయనకి తెల్దు."

ఆ తర్వాతి ఆదివారాలు సులువుగా గడిచాయని చెబితే అది కట్టుకథ అవుతుంది. మధ్యాహ్నమయ్యేసరికి నూకరాజు గుమ్మం దాకా వెళ్లి నిలబడేవాడు. దాలమ్మ పిలిచేది. "మావా, చుక్క సూడితో ఉంది. పాకని ఇటు పెంచుదుమా, అటు పెంచుదుమా? నువ్వేటంటావు?" అతను తడుముకునేవాడు. ఆమె చేతిలో పని ఆపి, అతని మొహంలోకి చూస్తూ ఆగేది. మొదట్లో ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత అతను కూడా అడగడం నేర్చుకున్నాడు. మధ్యలో ఒక ఆదివారం అతను పెట్టె దగ్గరికి వెళ్లిపోయాడు కూడా. మెట్టు ఎక్కకుండా వెనక్కి వచ్చానని తానే చెప్పాడు. ఆమె నమ్మింది.

శ్రీరామనవమి దగ్గరపడింది. తెలుగువాళ్ల ఉత్సవానికి వెంకటస్వామే పెద్ద. రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి, ఆయన మాటంటే బస్తీలో గౌరవం. మైదానంలో అందర్నీ కూర్చోబెట్టి ఆయన కోపంగా అన్నాడు. "ఆ పెట్టెలో జరిగేది నాకు తెలిసింది. అధికారులతో చెప్పి దాన్ని పగలగొట్టించేస్తాను. మన పరువు పోతోంది."

మజ్జిగకు పెరుగు తెచ్చిన దాలమ్మ కుండ దించి, కొంగు సర్దుకుంది.

"పెట్టి పగలగొడితే ఇంకో పెట్టి దొరుకుద్ది బాబూ. ఈల్లు ఆడకెందుకెల్తన్నారో నాను కూకుని సూసినాను. ఆడ 'తమరేమంటారు' అని అడిగి, జవాబు సెప్పేదాకా ఆగుతారు. మరి ఈడ? ఏటేటా పందిరి ఈల్లే ఏస్తారు. ఎటు ఎయ్యాలని తమరొక్కసారైనా అడిగినారా?"

ఆడది సభలో మాట్లాడిందని కొందరు గొణిగారు. వెంకటస్వామి చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. ఆ తర్వాత వెనక వరసలోకి చూసి పిలిచాడు.

"సత్తిరాజూ! పందిరి ఎటు వేద్దామంటావు నాయనా?"

సత్తిరాజు వెనక్కి తిరిగి చూశాడు, ఆ పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమోనని. లేరు. అందరూ అతని వైపే చూస్తున్నారు. తల గోక్కున్నాడు. వెంకటస్వామి కదలకుండా ఆగాడు.

"సాయంకాలం ఎండ అటునించి కొడతాది బాబూ. ఆడోల్లు పిల్లల్తోటి కూకునేది ఆ పక్కనే. తడికలు అటు కడితే నీడ ఉంటాది."

"అయితే అలాగే కడదాం," అన్నాడు వెంకటస్వామి. ఆ సాయంత్రం ఆయన ఒక్కొక్కర్నీ పేరుపెట్టి అడిగాడు. సభ ముగిసేసరికి చాలా ఆలస్యమైంది. ఎవరూ విసుక్కోలేదు.

పెట్టెలో ఆట ఆ ఏడే ఆగిపోయిందని చెప్పలేం. భీమారావు పేక కలుపుతూనే ఉన్నాడు, ఎదుటి బల్లలు మాత్రం ఖాళీ అవుతూ వచ్చాయి. నవమి నాడు సీతారాముల కల్యాణం అయ్యాక, తడికల నీడలో తల్లులూ పిల్లలూ చల్లగా కూర్చునుండగా, వెంకటస్వామి లేచి నాలుగు మాటలు చెప్పాడు. నూకరాజు, దాలమ్మ పక్కపక్కనే నిలబడి విన్నారు.

"జూదం మంచిదని నేను చెప్పను. అది ఇళ్లను తింటుంది. కానీ జూదగాణ్ణి తిట్టే ముందు మనల్ని మనం ఒకటి అడుక్కుందాం. వాడి మాట కోసం మనం ఎన్నడైనా ఆగామా? ఇంట్లో, పనిలో, ఊళ్లో మనిషి మాటకు విలువ దొరికిననాడు, ఆ విలువను పేకముక్కల దగ్గర కొనుక్కోవలసిన గతి ఎవరికీ పట్టదు."