గోడ మీది మీసాలాయన

ఆ పాతకాలపు బంగళాని సినిమా షూటింగులకి అద్దెకివ్వడం మొదలుపెట్టాక తమ్ముడి నడకే మారిపోయింది. తన ఇంటికి పట్టిన బూజుకి కూడా గిరాకీ ఉందని తెలిస్తే ఎవరి నడకైనా మారుతుంది లెండి. అక్కకి మాత్రం ఒక్కటే బాధ. హాల్లో మెట్లకి ఎదురుగా ఉండాల్సిన తాతయ్య ఫొటో సామాన్ల గదిలో విరిగిన కుర్చీల మధ్య పడి ఉంది. అమ్మానాన్నలు లేని ఇద్దర్నీ ఏ లోటూ తెలియకుండా పెంచిన మనిషాయన. ఆయన్ని మళ్ళీ హాల్లో చూసుకోవాలని ఆమె ఆరాటం.

మొట్టమొదట వచ్చిన సినిమావాళ్ళు ఆయన ముఖంలో దొరతనం లేదని ఫొటో దించేశారు. పాపం, నిజమే. బక్కపలచటి మనిషి, నవ్వు ముఖం. ఎవరో జూనియర్ ఆర్టిస్టుకి తలపాగా చుట్టి, బారెడు మీసాలు అతికించి బొమ్మ గీయించి, ఆ పటాన్ని అదే మేకుకి తగిలించారు. షూటింగయ్యాక మర్చిపోయి వెళ్ళిపోయారు. తర్వాత వచ్చినవాళ్ళు మీ తాతగారా అని అడిగితే తమ్ముడు కాదనలేకపోయాడు. ఆ పైన అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన పులిని వేటాడిన కథ సినిమా సినిమాకీ పెరుగుతూ వచ్చింది. అసలు తాతయ్య జన్మలో పిల్లిని కూడా అదిలించి ఎరగడు. అక్క పోరినప్పుడల్లా, ఈ ఒక్క సినిమా అయిపోనిమ్మని తమ్ముడు దాటేసేవాడు.

ఈసారి ఆమె ఆగలేదు. కొత్త డైరెక్టరు యూనిట్‌తో వచ్చి హాలు చూస్తుండగానే ఫొటో శుభ్రంగా తుడిచి పట్టుకొచ్చింది. ఎవరని ఆయన అడిగాడు. అక్క నోరు తెరిచేలోపే తమ్ముడు అందుకున్నాడు.

"మా తాతగారి దగ్గర గుమస్తా అండీ. చాలా నమ్మకస్తుడు."

అక్కకి ఒళ్ళు మండిపోయింది. అన్నం కలిపి నోట్లో పెట్టిన మనిషిని పట్టుకుని అంత మాటా అనుకుంది. తమ్ముడి వంక కొరకొరా చూసింది. డైరెక్టరేమో సంబరపడిపోయాడు. ఆయన కథలోనూ ఒక గుమస్తా ఉన్నాడట. ఫొటోని మీసాలాయన పక్కనే తగిలించి, వెలుతురు చూసుకోవడానికి తమ్ముణ్ణి దాని కింద నిలబడమన్నాడు. కెమెరాలోంచి చూశాడు. తలెత్తి ఫొటోనీ తమ్ముణ్ణీ మార్చి మార్చి చూశాడు.

"గుమస్తా మనవడి వేషం మీరే వెయ్యాలండీ. ముఖం అచ్చుగుద్దినట్టుంది."

లైట్లతను దగ్గాడు. మేకప్ మనిషి గోడ మీది మీసాలాయన వంక జాలిగా చూశాడు. తమ్ముడికి సంగతి కాస్త ఆలస్యంగా తలకెక్కింది. పోయిన నాయనమ్మని యూనిట్ యూనిటంతా అనుమానిస్తోంది.

"ఒరేయ్, ఇప్పుడైనా చెప్పు" అంది అక్క.

తమ్ముడు, ఆ ఫొటోలో ఉన్నాయనే మా తాతయ్యండీ అన్నాడు. డైరెక్టరు దగ్గరకొచ్చి భుజం తట్టాడు.

"పర్లేదండీ. పెద్ద కుటుంబాల్లో ఇలాంటివి మామూలే. మేం బయట అనం."

అది కాదండీ అని తమ్ముడు మొత్తుకున్నకొద్దీ అందరూ మరింత దయగా తలలూపారు. అక్క స్టూలు లాక్కుని ఎక్కింది. మీసాలాయన పటాన్ని దించి, తెచ్చి డైరెక్టరు చేతుల్లో పెట్టింది.

"ఇది మీ సినిమావాళ్ళు మర్చిపోయిన సామాను బాబూ, తీసుకెళ్ళండి. మా నాయనమ్మ ఈయన్ని కళ్ళతో కూడా చూడలేదు."