నాలుగో అంశం కింద వేలిముద్రలు

1996 జూన్ 16, ఆదివారం, ఉదయం పదకొండు గంటలకు భిలాయి ఉక్కు కార్మికుల కాలనీలో ఒక సెక్టారు బడి హాల్లో పట్టణ కమిటీ, బడుల కమిటీ కలిసి కూర్చుని, ఆ ఏడు శాసనసభకు పంపాల్సిన కోరికల జాబితాను ఆమోదించాయి. జాబితాలో ఏడు అంశాలున్నాయి. కింద నూట పన్నెండు మంది ఒప్పుకోలు ఉంది. అందులో అరవై నాలుగు వేలిముద్రలు. ఇరవై మూడోది సింహాచలమ్మది.

తన వేలు ఏ కాగితం మీద పడిందో సింహాచలమ్మకు పదిహేను రోజుల దాకా తెలియదు.

ఆమె ఊరి పక్క హథ్‌ఖోజ్‌లో ఒక ఇనుప పోత షెడ్డులో కాంట్రాక్టు మనిషి. అచ్చులు పగలగొట్టాక మిగిలిన ఇసక మోస్తుంది. పెళ్లయిన ఏడు టెక్కలి నుంచి వచ్చింది. షెడ్డులో పద్ధతి ఒకటే, ముందు వేలు, తర్వాత తట్ట. గేటు దగ్గర కూలీల లెక్క రాసే మున్షీ చినబాబు రిజిస్టరు తెరిచి పట్టుకుంటాడు. వరసలో నడుస్తూనే వేలు అద్ది, కొంగుకు తుడుచుకుని లోపలికి పోవాలి. పైన ఏం రాసి ఉందని ఆగి అడిగినవాళ్లు లేరు. ఆగితే వెనకవాళ్లు తోస్తారు.

ఆ ఆదివారం చినబాబు వాళ్లను రెండు లారీల్లో బడికి తోలుకొచ్చాడు. "మీటింగు. కూకుంటే సాలు, హాజరీ పడిపోద్ది" అన్నాడు. శాసనసభకు వెళ్లే జాబితా వెంట వంద మంది పౌరుల ఒప్పుకోలు ఉండాలని కమిటీల నియమం. షెడ్డు కాంట్రాక్టరు పట్టణ కమిటీలో సభ్యుడు. హాలు గుమ్మంలో బల్ల వేసి కాగితాలు, సిరా దిండు పెట్టారు. షెడ్డు మనుషులు షెడ్డులో లాగే వరస కట్టారు. లోపల అరగంట కూర్చున్నారు. వేదిక మీద ఇంగ్లీషులో మాట్లాడారు. సమోసాలు పంచారు.

జులై 1, సోమవారం. సింహాచలమ్మ కూతురు కల్యాణి ఐదు పాసయింది. వాళ్లుండే కూలీల బస్తీలో బడి ఐదుతో సరి. ఆరుకు సెక్టారు బడికి రావాలి. బస్తీ టీచరు రజనీకుమారి ఇరవై ఆరుగురు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. సింహాచలమ్మ పని మానుకుని వాళ్లతో వచ్చింది. గుమాస్తా తలెత్తకుండా, తండ్రిది పర్మనెంటు ఉద్యోగమేనా అని అడిగాడు.

"బాప్ పర్మనెంట్ హై క్యా?"

"నిరుడు అడగలేదే" అంది రజనీకుమారి.

"నిరుడు నిరుడే. బోర్డు చూడండి దీదీ."

నోటీసు బోర్డు మీద జాబితా నకలు అంటించి ఉంది. రజనీకుమారి తెలుగులో చెప్పింది. "నాలుగో అంశం. బడుల మీద ఒత్తిడి తగ్గించడానికి ఆరో తరగతి నుంచి ప్రవేశాలు శాశ్వత ఉద్యోగుల పిల్లలకే పరిమితం చేస్తూ చట్టం తేవాలి. చట్టం వచ్చేదాకా ఈ తీర్మానమే అమలు." ఆమె వేలు పేర్ల మీదికి జారి ఒకచోట ఆగింది. "ఇరవై మూడు..."

"ఆగిపోనావేటి టీచరమ్మా? సదువు" అంది సింహాచలమ్మ.

"ఇరవై మూడు, సింహాచలమ్మ. వేలిముద్ర."

సింహాచలమ్మ బోర్డు దగ్గరికి వెళ్లి ఆ ముద్రను చూసింది. తర్వాత తన వేలు చూసుకుంది.

"నా గుంటకి బడొద్దని నానే ఏలేసినానా?"

ఆ సాయంత్రం బస్తీ నల్లా దగ్గర జనం పోగయ్యారు. బిందెలు వరసలో ఉన్నాయి, మనుషులు వరస తప్పారు.

"ఎవులు ఎయ్యమన్నారు? కళ్లు లేవేటి మీకు?" అని ఒకడు అరిచాడు.

"నీకుంటే సదవకపోనావా? నీదీ ఉంది, నలభయ్యోది!" అన్నాడు పోలయ్య. అతడు గేంగులో అందరికంటే పెద్దవాడు. "ఇరవయ్యేళ్లబట్టి ఏలేస్తన్నాను. ఏటి రాసుకున్నారో ఆ దేవుడికే ఎరిక."

సింహాచలమ్మ తమ్ముడు ధర్మారావు సైకిలు మీద వచ్చాడు. అతడు ఉక్కు కార్మికుడు, పర్మనెంటు. సెక్టారులో క్వార్టరు ఉంది.

"అప్పా, రభస సెయ్యకు. కల్యాణిని నా కూతురని రాయించేస్తాను. గుమాస్తా మనోడే."

"కల్యాణొకర్తేనా?"

"మరి?"

సింహాచలమ్మ పక్కనున్న బుధియారిన్‌ను ముందుకు లాగింది. ఉతై నుంచి వచ్చిన ఛత్తీస్‌గఢీ మనిషి, ఆమెతో కలిసి ఒకే తట్ట ఎత్తేది. "దీని కొడుకుని ఎవులు రాయించుకుంటారు? పోలయ్య మనవణ్ని? నీకు ఇరవై ఆరుగురు పిల్లలని సెప్తావేటి?"

జనం నవ్వారు. ధర్మారావు నవ్వలేదు.

"సీట్లు లెక్కే అప్పా. మా పిల్లలకే సాలట్లేదని యూనియన్లో అంతన్నారు."

"సాలకపోతే మరో గది కట్టమని అడగాల. ఏడు కోరికలు రాసినారు, ఆ ముక్క ఒక్కటీ రాయలేదు. మా పిల్లల్ని గెంటీమని మాత్రం రాసినారు. నువ్వూ మా గేంగులోంచే పర్మనెంటయినావురా. మర్సిపోనావా?"

ధర్మారావు సైకిలు తిప్పుకున్నాడు.

పోలయ్య అన్నాడు, "ఏసిన ఏలు ఎనక్కి ఎలాగ తీసుకుంటాం?"

"ఆదివారం ఎమ్మెల్యే వస్తున్నాడు, అదే హాలుకి" అంది రజనీకుమారి. "జాబితా అతని చేతికిచ్చి భోపాల్ పంపుతారు. అతని ముందే చదివించాలి. అందరికీ తెలిసే భాషలో."

"మరి గుమ్మంలో మళ్లీ ఏలెయ్యమంటే?" అన్నాడు పోలయ్య.

"సదవందే ఏలెయ్యం" అంది సింహాచలమ్మ. బుధియారిన్‌కు అదే మాట హిందీలో చెప్పారు. "పహలే పఢో." ఆమె దాన్ని నల్లా అవతలి ఇళ్లకు మోసుకుపోయింది.

జులై 7. గుమ్మంలో మళ్లీ బల్ల, సిరా దిండు. లారీల్లో తెచ్చినవాళ్లు అరవై మంది. నడిచి వచ్చినవాళ్లు మూడు వందలు దాటారు. చినబాబు అలవాటుగా, "ఏలు, ఏలు, నడండి" అన్నాడు. సింహాచలమ్మ వరసలో మొదట ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"సదువు."

"ఏటి?"

"పైన ఏటి రాసినారో సదువు. అప్పుడేస్తాను."

ఈసారి వెనకవాళ్లు తోయలేదు. బడుల కమిటీ కార్యదర్శి భుజంగరావు లోపలి నుంచి వచ్చాడు. ఇంజనీరు. మాట నెమ్మది.

"అమ్మా, ఇది ఉత్త హాజరీ."

"మొన్న గూడా హాజరీయే అన్నారు బాబూ."

"ముసిరితే ఎలా? మీ అభ్యంతరం రాసివ్వండి. వచ్చే ఏడు జాబితాలో పెడదాం."

"వచ్చే ఏటికి మా గుంట నా పక్కన ఇసక మోస్తాది."

జనం బల్లను పక్కకు జరిపి హాల్లోకి నడిచారు. వేదిక మీద ఎమ్మెల్యే దండ వేసుకుని ఉన్నాడు. రజనీకుమారి జాబితా నకలు తీసి హిందీలో చదివింది. మొదటి మూడు అంశాలు కంప్యూటర్లు, స్టేడియం, ఇంజనీరింగు సీట్లు. నాలుగోది చదివింది. బుధియారిన్ లేచి, "నై మానన్!" అంది, ఒప్పుకోమని. హాలంతా అందుకుంది. పర్మనెంటు కార్మికులు కిటికీల వైపు నిలబడి ఉన్నారు. వాళ్లలో ధర్మారావు ఉన్నాడు. వాళ్లు అరవలేదు. బయటికీ పోలేదు.

"నాలుగోది కొట్టీయండి" అంది సింహాచలమ్మ. "కొట్టీసి, కొత్త గదులని రాయండి. అప్పుడు ఇక్కడే అందరం ఏలేస్తాం."

"ప్రజలు ఒప్పుకున్న జాబితా ఇది. మార్చే అధికారం నాకు లేదు" అన్నాడు ఎమ్మెల్యే.

"ఆ ప్రెజలం మేమే!" అని పోలయ్య అరిచాడు. "అరవై నాలుగు మందిమి. ఒద్దంతన్నాం!"

భుజంగరావు జాబితాను ఎమ్మెల్యే చేతిలో పెట్టాడు. ఎమ్మెల్యే పక్క గుమ్మంలోంచి కారెక్కాడు. ఆడవాళ్లు కారు ముందు కూర్చున్నారు. పన్నెండు నలభైకి పోలీసులు వచ్చారు. లాఠీచార్జిలో పోలయ్య చెయ్యి విరిగింది. ముప్పై తొమ్మిది మందిని వ్యాన్లలో దుర్గ్ తీసుకెళ్లారు. అందులో సింహాచలమ్మ, రజనీకుమారి, బుధియారిన్ ఉన్నారు. వ్యాను కదులుతుంటే సింహాచలమ్మ జాలీలోంచి తమ్ముణ్ని చూసి కేకేసింది.

"గుంటని బడికి పంపు!"

"పంపుతానప్పా!"

"ఒక్కర్తినే కాదు!"

జాబితా ఏడు అంశాలతో ఆ సాయంత్రం భోపాల్ వెళ్లింది.

జులై 8, సోమవారం. ఉదయం ఎనిమిదికి హథ్‌ఖోజ్ షెడ్డు గేటు దగ్గర చినబాబు రిజిస్టరు తెరిచాడు. చదవందే వేలు వెయ్యం అన్నారు కూలీలు. అతడు చదవలేదు. షెడ్డు నడవలేదు. మధ్యాహ్నానికి మరో రెండు షెడ్లు ఆగాయి.

అదే ఉదయం పది గంటలకు సెక్టారు బడి గేటు ముందు రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోని పర్మనెంటు కార్మికులు పదకొండు మంది నిలబడ్డారు. హెల్మెట్లు ఇంకా తీయలేదు. ధర్మారావు గేటు తలుపు పట్టుకున్నాడు. బస్తీ పిల్లలు ఇరవై ఆరుగురు లోపలికి వెళ్లారు. ముందు కల్యాణి ఉంది. ఆరో తరగతి గదిలో బెంచీలు చాలలేదు. ధర్మారావు కొడుకు సతీష్‌కుమార్ పక్కకు జరిగాడు. మిగిలినవాళ్లు నేల మీద కూర్చున్నారు.

పదకొండున్నరకు పోలీసు జీపు వచ్చింది. పిల్లలు గదిలోంచి లేవలేదు.