జోడుచిప్పలు

నిజాంసాగర్ కట్ట పని ముగిసి, అక్కడి దొరల క్యాంపు ఎత్తేసిన ఏడు, మిగిలిన సామానంతా హర్రాజు వేశారు. మోటబావికి ఇనుప గిలక కావాలని ఎల్లారెడ్డి నుంచి సిద్దిరాములు బండి కట్టుకుని వెళ్లాడు. గిలక దొరికింది. అదే గంపలో అడగని వస్తువు కూడా ఒకటి వచ్చింది. అరచేతి వెడల్పు ఇనుప చిప్పలు రెండు, ఒకదాని మీద ఒకటి మూసుకునేలా బందు, వెనక మూరెడేసి కాడలు.

పశువులకు వాతలు పెట్టేదేమోనని సిద్దిరాములు అనుకున్నాడు. కాదు, ఎలుకలు పట్టేదని అతని తల్లి లక్ష్మీనర్సమ్మ తేల్చేసింది. మొగుడు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ సంగతైనా తేల్చేది ఆమే. క్యాంపు బంగళాలో వంట చేసి వచ్చిన అబ్రాహాము మాత్రం వాకిట్లో నిలబడి నవ్వాడు.

"ఎలుకలెక్కడియమ్మా! రెండు డబల్ రొట్టె ముక్కల నడుమ ఇంత కూర వెట్టి, ఇందుల మూసి నిప్పుల మీద కాలుస్తరు. ఇటు కాలినంక అటు తిప్పుతరు. దొరల పొద్దుగాల తిండి గదే."

"ఎల్లారెడ్డిల డబల్ రొట్టె ఏడ దొరుకుతదిరా?"

"అది నన్నడిగితె ఎట్లమ్మా, దొరలను అడగాలె. వాండ్లు పోయిండ్రు."

తలుపు చాటున నిలబడి విన్న కోడలు సుగుణమ్మకు డబల్ రొట్టె లేని లోటు పెద్దగా కనిపించలేదు. ఇంట్లో జొన్నపిండి ఉంది. మర్నాడు రెండు పలచని జొన్నరొట్టెలు తట్టి, వాటి నడుమ రాత్రి మిగిలిన వంకాయ కూర పెట్టి, చిప్పలు మూసి నిప్పుల మీద పట్టుకుంది. కూర లోపలే ఉండిపోయి, అంచులు కరకరలాడుతూ వచ్చాయి. సిద్దిరాములు రెండు తిని, మూడోది తువ్వాలలో మూటకట్టుకుని పొలానికి పోయాడు.

ఆ తర్వాత సుగుణమ్మ చేతికి అది ఆరో వేలైంది. బియ్యప్పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, ఉల్లికాడలు కలిపి ఒత్తితే సర్వప్ప. చద్దన్నంలో పచ్చిమిరపకాయ నూరి వేసి మెదిపితే అదొక రొట్టె. పచ్చి మక్కలు రుబ్బి పోస్తే ఇంకొకటి. బెల్లం, శనగపప్పు పూర్ణం పెడితే భక్ష్యం. పల్లీలు పోసి మూసి ఊపితే, ఒక్కటి కూడా పొయ్యిలోకి దూకకుండా వేగేవి. కోతలప్పుడు దాన్ని పొలానికే పట్టుకుపోయి, గట్టు మీద పిడకల నిప్పు చేసి, ఎంతమంది ఉంటే అంతమందికీ వేడివేడిగా పెట్టేది.

లక్ష్మీనర్సమ్మకు ఇదేదీ గిట్టలేదు. ఇంటికి కొత్త పెనం వస్తే కోడలిచేత దానికి పసుపు కుంకుమ పెట్టించి గానీ పొయ్యి ఎక్కించనిచ్చేది కాదు. దీనికి ఆ మర్యాద జరగలేదు.

"కూసోబెడితె కూసోదు, నిలబెడితె నిలబడదు. పొయ్యి మీద కూసోనిది పెనమెట్లయితదే? పట్టుకారుకు ఎవలన్న బొట్టు వెడుతరా?" అని పక్కింటి అనసూయమ్మ ముందరే తీర్పు చెప్పేసింది.

ఆ పట్టుకారులో కాలిన రొట్టె తను ముట్టనని కూడా చెప్పింది. మాడిన అంచులు మాత్రం కుక్కకు వేస్తానని తీసుకునేది. కుక్క ఆ యేడంతా ఎముకలు తేలి తిరిగింది. సుగుణమ్మ అంచులు కొంచెం పెద్దవిగా కోసి పెట్టడం మొదలుపెట్టింది. ఈ సంగతి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో లక్ష్మీనర్సమ్మకు తల్లి పోసింది, పెద్దమ్మవారు.

అంతకు ముందు చలికాలంలో టీకాలేసే ఆయన ఊళ్లోకి వచ్చినప్పుడు ఆమె గడ్డివామి వెనక దాక్కుంది. ఆయన పోయాక, తల నిండా గడ్డిపరకలతో, గెలిచినట్టు నవ్వుతూ బయటికి వచ్చింది. సుగుణమ్మకు చిన్నప్పుడే కామారెడ్డిలో, పుట్టింట్లో టీకా పడింది. అందుకని సేవ ఆమె వంతైంది. సిద్దిరాములు కొట్టంలో పడుకున్నాడు. గుమ్మానికి వేపమండలు కట్టారు. పోచమ్మ కాడ పూజ చేసే మైసన్న వచ్చి, పసుపు నీళ్లు చల్లి, కట్టుబాట్లు చెప్పిపోయాడు.

"తల్లి ఇంట్ల ఉన్నన్నొద్దులు తాలింపు వెట్టద్దు. పొయ్యి మీద పెనం వెట్టద్దు. సెగ తగిలితె తల్లి కోపమయితది. ఇగ మీ ఇష్టం."

లక్ష్మీనర్సమ్మ ఒంటి మీద సూది మోపే చోటు లేదు. కండ్లు వాచి మూసుకుపోయాయి. గొంతులో కూడా పోసిందేమో, అంబలి పోస్తే పెదవి చివరి నుంచి దిండు మీదికి కారిపోయేది. చల్ల ఉమ్మేసేది. పెరుగన్నం మెదిపి పెడితే పళ్లు బిగబట్టేది. మనిషి రోజురోజుకూ మంచంలోకి కుంగిపోతోంది. ఇంత మందిని నోటితో నడిపించిన మనిషి నోరు ఇలా మూసుకుపోతే, దాన్ని ఎలా తెరిపించాలో సుగుణమ్మకు తెలియలేదు.

ఒక మధ్యాహ్నం, సిద్దిరాములు పొలానికి పోయాక, మంచం మీంచి గొంతు వినిపించింది.

"సుగుణా... ఆ జోడుచిప్పల ఏమన్న చెయ్యి. తింట."

సుగుణమ్మ చెవులను నమ్మలేదు. "పెనం వెట్టద్దన్నరు గద అత్తమ్మా."

"అది పెనం గాదని నేనే అన్న గదనే."

"నువ్వన్నవు. తల్లి అన్నదా?"

"నోరు మూసుకొని చెయ్యి. ఆకలయితంది."

సుగుణమ్మ చాలాసేపు చిప్పల వంకే చూస్తూ కూర్చుంది. ముసలామె బతికితే అది తల్లి దయ. ఏమన్నా అయితే అది కోడలి పని. లెక్క అంత సులువుగానే ఉంది. అయినా ఆకలి అన్న మాట ఆ నోట విని ఎన్నాళ్లయిందో గుర్తుకొచ్చి లేచింది.

పొయ్యి జోలికి పోలేదు. పెరట్లో, గోడవార, రెండు పిడకలు రాజేసింది. మెత్తగా ఉడికిన అన్నంలో ఉప్పు కలిపి మెదిపి, నూనె చుక్క వేయకుండా చిప్పల్లో ఒత్తింది. నూనె లేదు కనుక అడుగంటింది. మాడిన వాసన గోడ దాటింది.

"సుగుణా, ఏందే వాసనొస్తంది?" అని అనసూయమ్మ గోడ అవతలి నుంచి కేకేసింది.

"పిడకలు కాలుతున్నయి పిన్నీ."

"పిడకలు గింత కమ్మగ కాలుతయా?" అంది అనసూయమ్మ. కానీ అప్పటికి ఊరుకుంది.

పైపొర గీకేసి లోపలి మెత్తని ముద్ద చిటికెడంత నోట్లో పెట్టింది. లక్ష్మీనర్సమ్మ మింగింది. ఇంకొంచెం అడిగింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం పెరట్లో పిడకలు రాజుకునేవి. జ్వరం దిగింది. పొక్కులు ఎండి రాలడం మొదలైంది. మనిషి మంచం మీద లేచి కూర్చుంది.

కండ్లు తెరుచుకున్నాయి. రెండింటిలోనూ తెల్లగా పూలు పడి, చూపు పోయింది.

పోచమ్మ తల్లిని సాగనంపే రోజు మైసన్న వచ్చి చూసి, చేతిలో వేపమండ దించేశాడు.

"ఇంట్ల పెనం గిట్ల వెట్టిండ్రా?"

బోనం కోసం వచ్చిన ఆడవాళ్లలోంచి అనసూయమ్మ గొంతు సవరించుకుంది. "నాకెందుకులే గని, ఒకనాడు కాదు, రోజు మాడు వాసన వచ్చేది."

సిద్దిరాములు పెళ్లాం వైపు తిరిగాడు. సుగుణమ్మ అత్త వైపు చూసింది. ఆమె ఒక్క మాట చెబితే చాలు. తనే అడిగింది, తనే పెనం కాదంది. లక్ష్మీనర్సమ్మ తెల్లటి కండ్లను గొంతులు వచ్చిన దిక్కుకు తిప్పింది.

"వెట్టింది. నేను వద్దన్న. వింటెనా?"

ఆ సాయంత్రమే సిద్దిరాములు జోడుచిప్పలను పోచారం చెరువులో విసిరేసి వచ్చాడు. సుగుణమ్మ వడ్డించిన కంచం ముట్టలేదు. తలుపు వైపు చూస్తూ, "శుక్రారం బండి కడత. కామారెడ్డి పో. అడిగేదాక రాకు," అన్నాడు.

మర్నాడు అత్తకు జుట్టు దువ్వుతూ సుగుణమ్మ అడిగింది. కోపంగా అడుగుదామనుకుంది గానీ, గొంతు అలా రాలేదు.

"అడిగింది నువ్వే గద అత్తమ్మా. యాది లేదా?"

"యాదున్నది."

"మరి గట్లెందుకంటివి?"

లక్ష్మీనర్సమ్మ కాసేపు ఒళ్లోని పొక్కుల పొట్టును వేళ్లతో ఏరింది.

"ఎవలో ఒకల మీద వెట్టాలె గదనే. తల్లి మీద వెడితె ఇగ ఎవలకు మొక్కాలె? నా మీద వెట్టుకుంటె పొద్దుగాల్ల లేవబుద్ధి గాదు. నువ్వు చిన్నదానివి. మోస్తవు."

"టీకాలాయన మీద వెట్టరాదు? ఆయన టీకా ఏద్దామనుకున్నా గడ్డివామి ఎనక దాగి దొరకకపోతివి."

"అది గూడ తిరిగి నా మీదికే వస్తది, పిల్లా," అంది ముసలామె. ఆ కండ్లలోంచి నీళ్లు మాత్రం మామూలుగానే వచ్చాయి.

శుక్రవారం బండి కట్టలేదు. "దాన్ని పంపితె నాకు ముద్ద ఎవలు వెడుతర్రా? నువ్వా?" అని లక్ష్మీనర్సమ్మ కొడుకును ఒక్క మాటతో ఆపేసింది. చేసింది తప్పే, అయినా కోడలు ఇక్కడే ఉండి ఆ పాపం కడుక్కోవాలంది. అదీ తీర్పే. సిద్దిరాములు చాలా నెలలు సుగుణమ్మతో గోడలకు చెప్పినట్టే మాట్లాడాడు.

రామారెడ్డి నుంచి, ఇంకా అవతలి ఊళ్ల నుంచి చుట్టాలు చూడ్డానికి వచ్చేవారు. వచ్చిన ప్రతివాళ్లకూ లక్ష్మీనర్సమ్మ కండ్లు పోయిన కథ చెప్పేది. చెప్పిన కొద్దీ పెనం పెద్దదైంది. పిడకల నిప్పు పొయ్యి నిండా కట్టెల మంటైంది. సుగుణమ్మ పక్కనే కూర్చుని, చెప్పడం మధ్యలో అత్త నోటికి ముద్దలు అందించేది. చుట్టాలు ఆమె చేతులను పాము తోకను చూసినట్టు చూసేవారు.

ఒక్కోసారి ముసలామెకు కథ మధ్యలో తోవ తప్పేది. అప్పుడు చెయ్యి చాచి, కోడలి గాజులు తడిమి పట్టుకునేది.

"నూనె గూడ పోస్తివి గదనే?"

"పోసిన అత్తమ్మా," అనేది సుగుణమ్మ. "గిన్నెడు."